వగరు తెలిసిన నాలుకకి బరోసా కొత్తేం కాదు

“ఇందులో ఏది మంచిది?”

అడిలైడ్‌లో కాపురం ఉన్నవాళ్లకి తప్పించుకోలేని ప్రశ్న ఇది. ఇండియా నుంచి చుట్టాలొచ్చినా, మెల్‌బోర్న్ నుంచి స్నేహితులొచ్చినా మూడో రోజుకల్లా మా కారు బరోసా లోయ వైపు తిరుగుతుంది. ఊరికి ఈశాన్యంగా గంట ప్రయాణం. గోధుమ చేలు దాటి కొండ ఎక్కి దిగితే రోడ్డుకి రెండు పక్కలా ద్రాక్ష తోటలే. తానుండా, అంగాస్టన్, నూరియూట్‌పా అని చిన్న చిన్న ఊళ్లు. వైన్ తయారీదారులు తమ సరుకుని రుచి చూపించే గదిని ఇక్కడ ‘సెల్లార్ డోర్’ అంటారు. అలాంటి గదులు ఈ లోయలో అడుగడుక్కీ కనిపిస్తాయి. లోపలికి వెళ్లగానే కౌంటర్ మీద వరసగా సీసాలు, ఎదురుగా తెల్లటి షీటు మీద రుచుల వర్ణన. మనవాళ్లు ఒకసారి సీసాల వైపు, ఒకసారి ధరల వైపు, ఆఖరికి నా వైపు చూస్తారు. ఏది మంచిది?

నేను చెప్పను. చీరల కొట్లో ఏది బాగుందని అడిగితే కొట్టువాడు ఖరీదైనదే పరుస్తాడు. ఎవరో చెప్పింది కొనుక్కుంటే కట్టేటప్పుడు మాత్రం మనమే కట్టాలి. వైన్ కూడా అంతే. ఈ వారం కబుర్లు ఆ ఎంచుకోవడం గురించే. ముందే ఒక మాట. తాగనివాళ్లని తాగమనడానికి కాదు ఇది రాస్తున్నది. మద్యం కొంచెమైనా ఎక్కువైనా మందు కాదు, మద్యమే. అలవాటున్నవాళ్లు తక్కువ తాగి, తెలిసి తాగడం మంచిదని నా ఉద్దేశం.

మనవాళ్లని భయపెట్టేది ఆ వర్ణనల షీటు. “బ్లాక్‌బెర్రీ, మల్బరీ, సీడార్” అని ఉంటుంది. బ్లాక్‌బెర్రీ జన్మలో నోట్లో పెట్టుకోనివాళ్లు కూడా గ్లాసు వాసన చూసి “అవునవును” అని తలూపుతారు. ఏం అవసరం? మనకి నేరేడు పండు లేదా? రేగువడియాలు లేవా? ఎండు ద్రాక్ష, లవంగం, కాలిన బెల్లం, కొత్త పుస్తకం అట్ట, వాన పడ్డ మట్టి, ఏది గుర్తొస్తే అదే ఆ వైన్ వాసన. షీటు రాసినాయన తన చిన్నప్పుడు తిన్నవి రాసుకున్నాడు. మనం మనవి రాసుకుందాం.

పైగా ఒక విషయంలో మనం వాళ్లకంటే ఒక మెట్టు ముందే ఉన్నాం. ఎర్ర వైన్ తాగినప్పుడు చిగుళ్లు బిగుసుకుపోయి, నాలుక ఆరిపోయినట్టు ఉంటుంది చూడండి, దాన్ని టానిన్ అంటారు. అది ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి, కొంత ఓక్ పీపా నుంచి వస్తుంది. ఇంగ్లీషువాళ్లకి అది వివరించడానికి నాలుగు వాక్యాలు పడుతుంది. మనకి ఒక్క మాట చాలు. వగరు. పచ్చి జామకాయ, వక్క, సరిగా పండని నేరేడు తిన్న నాలుకకి టానిన్ పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటా ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదుని, మామిడి ముక్క పులుపుని విడదీసి గుర్తుపట్టే వాళ్లం, షిరాజ్ గ్లాసుకి బెదిరిపోతే ఎలా?

పద్ధతి కష్టమేం కాదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడండి. గ్లాసుని ఒకసారి గుండ్రంగా తిప్పి వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. దవడల కింద నీళ్లూరితే అది పులుపు. చిగుళ్లు పట్టేస్తే వగరు. గొంతులో వేడి తగిలితే అది కారం కాదు, ఆల్కహాల్. మింగాకో, ఉమ్మాకో రుచి ఎంతసేపు ఉందో మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. మూడు అనేలోపు మాయమైందా, పది దాటినా నిలిచిందా? ఈ నాలుగూ ఒకదాన్నొకటి తొక్కెయ్యకుండా ఉంటే అది బాగా చేసిన వైన్. అది మీకు నచ్చాలా వద్దా అనేది మీ ఇష్టం. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తియ్యటివి ఆఖర్న. ఈ వరస తప్పితే తర్వాత తాగినదాని రుచి తెలియదు.

బరోసా షిరాజ్‌లో మిరియాల వాసన వస్తుందంటే చాలామంది కవిత్వం అనుకుంటారు. కాదండీ, రసాయనశాస్త్రమే. అడిలైడ్‌లోనే ఉన్న ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2008లో ఆ వాసనకి కారణమైన పదార్థాన్ని బయటపెట్టారు. పేరు రోటండోన్. మన మిరియాల చారుకి ఘాటు వాసన ఇచ్చేది కూడా అదే పదార్థం. తమాషా ఏమిటంటే, పరీక్షించినవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి ఆ వాసనే తెలియలేదు. కాబట్టి పక్కవాళ్లు “మిరియాలు, మిరియాలు” అంటుంటే మీకేం తెలియకపోతే సిగ్గుపడకండి. తప్పు మీది కాదు, ముక్కుది.

ఇంకొకటి, జలుబు చేస్తే అమ్మ రుమాలు మీద వేసే నీలగిరి తైలం. కొన్ని ఆస్ట్రేలియా ఎర్ర వైన్లలో అచ్చం ఆ వాసనే వస్తుంది. తోట పక్కన యూకలిప్టస్ చెట్లుంటే వాటి తైలం గాలికి పళ్ల మీద వాలుతుంది. రాలిన ఆకులు పళ్లతోపాటు తొట్టిలో పడతాయి. ఆ చెట్టు అసలు ఊరు ఆస్ట్రేలియానే. నీలగిరి కొండలకి మధ్యలో వచ్చింది. మనకేమో అది అమ్మమ్మ ఇంటి వాసన.

ఇక నేల సంగతి. అది తెలియకపోతే సీసా మీది సగం మాటలు అర్థం కావు.

ఈ ప్రాంతం పెరమాంగ్క్, న్గాజురి, కౌర్ణ అనే ఆదివాసీ జనాలది. 1837లో కల్నల్ విలియం లైట్ దీనికి స్పెయిన్‌లోని బరోసా యుద్ధం పేరు పెట్టాడు. అక్షరాలు రాసుకోవడంలో ఎక్కడో తేడా జరిగి ఒక ‘ఆర్’ తగ్గి, ఒక ‘ఎస్’ పెరిగింది. 1842 నుంచి సైలీషియా జర్మన్లు ఇక్కడ స్థిరపడ్డారు. ప్రష్యా రాజు వాళ్ల లూథరన్ ఆరాధనా పద్ధతిలో జోక్యం చేసుకుంటే తట్టుకోలేక ఊళ్లు ఊళ్లే కదిలి వచ్చిన జనం. ఆ మరుసటి ఏడు, 1843లో నాటిన షిరాజ్ తోట తానుండాలోని లాంగ్‌మైల్ వైనరీలో ఇప్పటికీ కాపు కాస్తోంది.

అంత పాత తోటలు యూరప్‌లో కూడా అరుదు. ఎందుకంటే పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు వేళ్లు పీల్చేసి యూరప్ తోటల్ని నేలమట్టం చేసింది. పక్కనున్న విక్టోరియా రాష్ట్రానికీ వచ్చింది. సౌత్ ఆస్ట్రేలియాకి మాత్రం ఇంతవరకూ రాలేదు. కట్టుదిట్టమైన నిషేధాలతో ఆపుకొస్తున్నారు. ఆ పురుగు చెప్పుల మట్టిలో కూడా ప్రయాణం చేస్తుంది. అందుకే మనవాళ్లకి నేను చేతులు జోడించి చెప్పే మాట ఒకటుంది. ఫొటో కోసమని తోట వరసల్లోకి దిగకండి. రోడ్డు మీద నుంచి తీసినా ఫొటో బాగానే వస్తుంది.

సీసా మీద ‘ఓల్డ్ వైన్’ అని కనిపిస్తుంది. తెలుగులో రాస్తే ఇదో తంటా. తాగేదీ వైనే, పాకేదీ వైనే! ఇక్కడ అర్థం పాత తీగ అని. దీనికి చట్టంలో నిర్వచనం లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. బరోసావాళ్లు మాత్రం 2009లో తమకు తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. 35 ఏళ్లు దాటితే ‘ఓల్డ్’, 70 దాటితే ‘సర్వైవర్’, 100 దాటితే ‘సెంటినేరియన్’, 125 దాటితే ‘ఏన్సెస్టర్’. పాత తీగ కాసేది తక్కువ, కాసిన పండులో చిక్కదనం ఎక్కువ. ధర పెరిగేది అందుకే.

ఆ ‘సర్వైవర్’ అన్న మాట వెనక పెద్ద కథే ఉంది. అది మా బాబాయికి చెప్పినంత ఇష్టంగా ఇంకెవరికీ చెప్పలేదు నేను. ఆయన ఒంగోలు దగ్గర ముప్ఫై ఏళ్లు పొగాకు పండించినవాడు. వైన్ ముట్టడు. నాతో వచ్చి, గ్లాసు వైపు చూడకుండా తోట వైపే చూస్తూ కూచున్నాడు. రోలంత లావున్న మొదళ్లు చూసి “ఇన్నాళ్లు ఎలా నిలబెట్టార్రా వీటిని?” అన్నాడు.

నిలబెట్టడం అంత తేలిగ్గా జరగలేదు. 1970ల చివర్లో ఎర్ర ద్రాక్ష ఎక్కువైపోయింది. పీటర్ లేమన్ అని ఒకాయన ఇక్కడ ఒక పెద్ద వైనరీ నడిపేవాడు. కంపెనీ పైవాళ్లు ఈ ఏడు రైతుల దగ్గర పళ్లు కొనవద్దన్నారు. ఆయనేమో అప్పటికే రైతులకి కొంటానని మాట ఇచ్చి ఉన్నాడు. కాగితాల్లేవు, చేతిలో చెయ్యి వేసిన ఒప్పందాలే. ఆ మాట కోసం ఉద్యోగం వదిలి, తెలిసినవాళ్ల దగ్గర పెట్టుబడి తెచ్చి, 1979లో సొంత కంపెనీ మొదలుపెట్టాడు. అది జూదమేనని తెలిసి, ఒక జూదరి పాత్ర పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. మాస్టర్‌సన్. తర్వాత అది ఆయన పేరుతోనే పీటర్ లేమన్ వైన్స్ అయింది. ఆ సీసాల మీద కళావరు రాణి బొమ్మ అందుకే ఉంటుంది. 2013లో పోయాడాయన.

బాబాయి అంతా విని అడిగిన ప్రశ్న ఒక్కటే. “ఆయన మాట నిలబెట్టుకున్నాడు సరే. తోటలు మిగిలాయా?”

పంట వేశాక కొనేవాడు మొహం చాటేస్తే ఎలా ఉంటుందో తెలిసినవాడి ప్రశ్న అది. నిజం చెప్పాల్సి వచ్చింది. అన్నీ మిగల్లేదు. 1980ల మధ్యలో జనం తెల్ల వైన్ల మోజులో పడ్డారు. ప్రభుత్వమే డబ్బిచ్చి తీగలు పీకించింది. తాతలు నాటిన షిరాజ్, గ్రెనాష్ తోటలు ట్రాక్టర్లకి గొలుసులు కట్టి లాగేశారు. అదే సమయంలో రాక్‌ఫోర్డ్, సెయింట్ హాలెట్, చార్లెస్ మెల్టన్ లాంటి కొద్దిమంది మాత్రం పాత తోటల పళ్లే కావాలని వెతికి కొన్నారు. కొనేవాడు కనిపించిన తోట నిలబడింది, కనిపించనిది పొయ్యిలోకి పోయింది. “మరింకేం, మిగిలినవాటికి రేటు పెరిగుంటుంది” అన్నాడు బాబాయి. పెరిగింది. కానీ పీకేసినవాళ్లకి అది ఏం ఉపయోగం?

అందుకే ఎంచుకోవడం అనేది చిన్న సంగతి కాదంటాను. మన దేశవాళీ బియ్యం రకాలు ఎలా పోయాయో చూశాం కదా. అడిగి కొనేవాళ్లు లేకపోతే వండటం తెలిసినా, పండించడం తెలిసినా లాభం లేదు.

సరే, సీసా చేతిలోకి తీసుకుందాం. ఏం చూడాలి?

ఆస్ట్రేలియా చట్టం ప్రకారం సీసా మీద ద్రాక్ష రకం పేరు వేస్తే అందులో కనీసం 85 శాతం ఆ రకమే ఉండాలి. ప్రాంతం పేరుకీ, సంవత్సరానికీ అదే లెక్క. రెండు రకాల పేర్లుంటే ముందున్నదే ఎక్కువ. ‘షిరాజ్ కాబెర్నే’, ‘కాబెర్నే షిరాజ్’ ఒకటి కాదన్నమాట. ‘రిజర్వ్’ అన్న మాటకి మాత్రం ఇక్కడ చట్టపరంగా ఏ అర్థమూ లేదు. బంగారు అక్షరాలతో వేసినా దానికి పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

‘బరోసా వ్యాలీ’ అని ఉంటే లోయలో పండినది. వేడి ఎక్కువ, పండు బాగా పండుతుంది, వైన్ చిక్కగా, నిండుగా ఉంటుంది. పక్కనే ఎత్తు మీద ‘ఈడెన్ వ్యాలీ’. అక్కడ చలి ఎక్కువ. పులుపు నిలుస్తుంది. అక్కడి రీస్లింగ్ అనే తెల్ల వైన్ నిమ్మకాయ పిండినట్టు ఉంటుంది. కొన్నేళ్లు దాచితే కిరసనాయిలు వాసన వస్తుంది. కంగారు పడకండి, అది చెడిపోవడం కాదు. దాన్నే వెతుక్కుని కొనేవాళ్లున్నారు. ఊరికే ‘బరోసా’ అని ఉంటే రెండు చోట్ల పళ్లూ కలిసి ఉండొచ్చు.

బిరడా లేదని, తిప్పే మూత ఉందని మా మరిది ఒకసారి మంచి రీస్లింగ్ పక్కన పెట్టేశాడు. “దగ్గు మందు సీసాలా ఉంది వదినా” అని. బిరడాల్లో కొన్ని పాడై వైన్‌కి తడి అట్టపెట్టె వాసన అంటిస్తుంటే విసుగెత్తి, 2000లో పక్కనున్న క్లేర్ వ్యాలీ రీస్లింగ్ తయారీదారులు కలిసి మూతకి మారారు. ఇప్పుడు ఇక్కడ ఖరీదైన సీసాలకి కూడా మూతే. మూత చూసి వైన్‌ని అంచనా వెయ్యకండి.

మన భోజనంలోకి ఏది? ఇక్కడ చాలామంది పెద్ద షిరాజ్ తెచ్చి గుంటూరు కారం వేసిన కోడి వేపుడు పక్కన పెడతారు. ఆల్కహాల్ ఎక్కువైతే కారం మంట రెట్టింపవుతుంది. వగరు దానికి తోడవుతుంది. నోరు మండిపోయి కూర రుచీ తెలియదు, వైన్ రుచీ తెలియదు. పులుపు కూరకి పులుపు వైన్ కావాలి. గోంగూరకీ, చేపల పులుసుకీ ఈడెన్ వ్యాలీ రీస్లింగ్ పెట్టి చూడండి. కారం మధ్యస్తంగా ఉన్న మాంసం కూరకి వగరు తక్కువుండే గ్రెనాష్, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి. షిరాజ్‌ని మిరియాల వేపుడుకి అట్టే పెట్టండి. అరిసెలకి, కజ్జికాయలకి తియ్యటి టానీ. సెపెల్ట్స్‌ఫీల్డ్‌లో 1878 నుంచి ఏటా ఒక పీపా నింపి వందేళ్లు ముట్టకుండా దాస్తారు. అందులోది చుక్క నాలుక మీద పెట్టుకుంటే బెల్లం పాకం గుర్తొస్తుంది. ఆ చుక్క ఖరీదు విన్నాక పాకమే నయమనిపిస్తుంది.

లెక్క ఒకటి తప్పకుండా గుర్తుంచుకోండి. పది గ్రాముల ఆల్కహాల్‌ని ఇక్కడ ఒక ‘స్టాండర్డ్ డ్రింక్’ అంటారు. ప్రతి సీసా మీదా ఎన్ని ఉన్నాయో రాసి ఉంటుంది. 14.5 శాతం షిరాజ్ సీసాలో దాదాపు 8.6. వారానికి 10, ఏ ఒక్క రోజూ 4 దాటొద్దని ఆస్ట్రేలియా ఆరోగ్య మార్గదర్శకాలు. 30 మిల్లీలీటర్ల చొప్పున ఐదు రకాలు రుచి చూసి మింగితే ఒక్క చోటే 1.7 అవుతుంది. మూడు చోట్లకి వెళ్తే ఐదు. స్టీరింగ్ పట్టుకునేవాళ్ల రక్తంలో 0.05 దాటితే నేరం, కొత్త లైసెన్సువాళ్లకైతే సున్నాయే. అందుకే ప్రతి కౌంటర్ మీదా ఉమ్మడానికి పాత్ర ఉంటుంది. ఉమ్మితే ఏమనుకుంటారో అని మనవాళ్లు మొహమాటపడతారు. ఏమీ అనుకోరు, ఈయనకి పని తెలుసు అనుకుంటారు. మొహమాటం మింగించిన వైన్‌కి జరిమానా కట్టేది మనమే.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక కబురు. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం ఆస్ట్రేలియా వైన్ మీద దిగుమతి సుంకం ఏటా కొంచెం తగ్గుతోంది. అంతకుముందు 150 శాతం. దిగుమతి ధర సీసాకి 5 డాలర్లు దాటినవాటికి వెంటనే 100కి, 15 డాలర్లు దాటినవాటికి 75కి తగ్గించారు. పదేళ్లలో ఇవి 50కి, 25కి రావాలి. ఇవి అమెరికా డాలర్లు. రాష్ట్రాల పన్నులు దీనికి అదనం. కాబట్టి హైదరాబాద్ షాపులో ధర చూసి వైన్ ఎంత మంచిదో తేల్చకండి. ఆ ధరలో తోట వాటా ఎంత, పన్నుల వాటా ఎంత అన్నది వేరే లెక్క.

కౌంటర్ దగ్గర “ఏది మంచిది” అనే బదులు “ఈ పళ్లు ఎవరి తోటవి, తీగల వయసెంత” అని అడిగి చూడండి. పోసే అమ్మాయి మొహంలో తేడా కనిపిస్తుంది. చాలాసార్లు కౌంటర్ కిందున్న సీసా బయటికి వస్తుంది. నాలుగూ రుచి చూసి, పది లెక్కపెట్టినా నోట్లో నిలిచినదాన్ని ఒక్కటి కొనండి. ఇంటికెళ్లి నలుగురు కూచున్నప్పుడు తెరవండి. ఒక్క రోజులో ఖాళీ చెయ్యాలని రూలేం లేదు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగానే ఉంటుంది. మా మరిది వెక్కిరించిన మూతే.